రుచి చూడని వంట

మా ఆయనకి తప్పు ఒప్పుకోవడం చేతకాదు. చాలామంది మొగుళ్ళకి చేతకాదనుకోండి, కానీ ఈయనది పీహెచ్‌డీ స్థాయి. ఒకసారి అనకాపల్లిలో పెళ్ళికని బయలుదేరదీసి మమ్మల్ని విజయనగరం తీసుకెళ్ళారు. దారి పొడుగునా బోర్డులు చూసి నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "రోడ్లు మార్చేశారు వకుళా" అన్నారు తాపీగా. మేం వెనక్కి తిరిగి మండపానికి చేరేసరికి వంటవాళ్ళు గుండిగలు కడుగుతున్నారు. ఇంకోసారి ఉప్పనుకుని పెరుగన్నంలో పంచదార కలుపుకుని, మొదటి ముద్దకి ఆగి, రెండో ముద్ద మింగి, "ఇలాగే బావుంది, నువ్వూ ఓసారి చూడు" అన్నారు. గిన్నె ఖాళీ చేశారు కూడా.

ఇరవై మూడేళ్ళ కాపురంలో "నాదే తప్పు" అనే రెండు ముక్కలు ఆయన నోట నేను వినలేదు. చచ్చేలోపు ఒక్కసారైనా వినాలని కోరిక. కొందరికి కాశీ ఉంటుంది, నాకు ఇది.

ఆయన పేరు దక్షిణామూర్తి. విశాఖపట్నంలో, రుషికొండ దగ్గర అద్దాల మేడలో, 'రసన' అనే లాబులో పెద్ద శాస్త్రవేత్త. నాలుక నుంచి మెదడుకి రుచి ఎలా వెళ్తుందో కనుక్కోవడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి భోంచేసే తీరు మీరు చూడాలి. ఎడం చేతిలో ఫోను, అందులో ఎప్పుడో ఓడిపోయిన క్రికెట్ మ్యాచి. కుడి చెయ్యి దాని మానాన అది కలిపి నోటికి అందిస్తూ ఉంటుంది. ఇవాళ కూరేమిటండీ అంటే కంచం వంక చూసి, "ఆకుపచ్చది" అంటారు. బీరకాయకీ సొరకాయకీ తేడా తెలియని మనిషి రుచికి యంత్రం కనిపెట్టారు. నేను నవ్వితే మాత్రం కోపం.

మా ఇంట్లో మిగతావాళ్ళు కూడా కంచం వైపు చూసేవాళ్ళు కాదు. మా అమ్మాయి ఇందుజ ఇంటర్మీడియట్. కొరియా సీరియల్లో హీరోయిన్ ఏడుస్తూ నూడుల్స్ తింటుంటే ఇది నవ్వుతూ ఉప్మా తినేది. మా అత్తగారు మాణిక్యాంబగారు టీవీలో వంటల పోటీ చూసేవారు. జడ్జి ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని తల ఊపితే, "ముందు మింగవయ్యా, తరవాత ఊపుదువుగాని" అని కేకలేసేవారు.

ఆవిడ ఆ కార్యక్రమం అంతలా చూడడానికి కారణం ఉంది. మూత్రపిండాలు దెబ్బతిని, డాక్టరు ఉప్పు పూర్తిగా మానిపించాడు. పచ్చళ్ళు, అప్పడాలు, చివరికి మజ్జిగలో చిటికెడు కూడా లేదు. అంతా చప్పిడి తిండి. ఒకరోజు కంచం ముందుకి తోసేసి, "మూర్తీ, ఇంక నాకు పెట్టొద్దని చెప్పరా దీనికి. తినేది తిండిలా లేనప్పుడు తినడమెందుకు?" అన్నారు. మా ఆయన ఫోను కింద పెట్టారు. అన్నం తింటూ ఫోను కింద పెట్టడం నేను చూసినది అదే మొదటిసారి. మర్నాడు లాబుకి వెళ్ళినవారు ఆ తరవాత ఏడాదిన్నర పాటు ఇంట్లో ఉన్నా లాబులోనే ఉన్నారు.

చివరికి తయారైంది ఒక బిళ్ళ. పెసరబద్దంత ఉంటుంది. నాలుక వెనక భాగాన అంటిస్తే అక్కడే పడి ఉంటుంది. ఎవరో ఒకరు ఒక వంటకం తింటున్నప్పుడు నాలుక నుంచి వెళ్ళే సంకేతాలని ఒక సన్నటి పట్టీతో రికార్డు చేస్తారు. వాటిని బిళ్ళలోకి ఎక్కిస్తే, పెట్టుకున్నవాళ్ళు చప్పిడి గంజి తాగుతున్నా చింతకాయ పచ్చడి తిన్నట్టే ఉంటుంది.

"మరి రికార్డు చెయ్యడానికి ఎవరి నాలుక?" అన్నాను.

"అమ్మకి అలవాటైన వంట నీదే కదా" అన్నారు, వంట గురించి ఇరవై మూడేళ్ళలో మొదటిసారి మాట్లాడుతూ.

అలా నేను డోనర్ నంబర్ వన్ అయ్యాను. లాబువాళ్ళు మెడలో వేసుకోవడానికి ఒక కార్డిచ్చారు. నా ఫోటో, దాని కింద 'వకుళ, బి.ఎస్సీ. (కెమిస్ట్రీ)'. ఆ డిగ్రీ పెళ్ళిచీరల కింద పెట్టెలో నలిగి ఉంది. అది ఉన్నట్టు ఎవరు చెప్పారో, వాళ్ళే రాశారు. కార్డు తెచ్చుకున్న రోజు ఇంట్లో కూడా తీయలేదు. కూరలబండి అతను, "ఉద్యోగం వచ్చిందేంటి అమ్మగారూ" అంటే, వంకాయలు ఏరుకుంటూ, "ఊఁ" అన్నాను.

పని ఇలా ఉండేది. ఇంట్లో వండి క్యారేజీ పట్టుకుని వెళ్ళేదాన్ని. రెహానా అని ఒక పిల్ల, కొత్తగా డాక్టరేటు చేసింది, నా నాలుక మీద పట్టీ వేసేది. నేను ఒక ముద్ద తినేదాన్ని. ఆ తరవాత నోరు కడుక్కుని, ఖాళీ నోటితో కూర్చుంటే, రికార్డు చేసినది బిళ్ళలోకి ఎక్కించి తిరిగి నా నాలుక మీదే వినిపించేది.

"సరిపోయిందా మేడమ్?"

"పులుపు కాస్త అటుందమ్మా."

ఆ పిల్ల ఏదో తిప్పేది. "ఇప్పుడూ?"

"ఇప్పుడు కారం ముందొచ్చింది. మా ఇంట్లో కారం వెనకాలొస్తుంది."

ఒక్కో వంటకానికి ముప్ఫై నలభై సార్లు. అలా అయిదు నెలల్లో మూడు వందల నలభై వంటకాలు. మిగతా డోనర్లు కాలేజీ కుర్రాళ్ళు, బిరియానీ తిని, ఒకటి రెండు రోజులుండి వెళ్ళిపోయేవారు. నిలకడగా ఉన్నది నేనొక్కదాన్నే. ఎక్కడైనా నిలకడగా ఉండడం ఆడవాళ్ళకి మంచి పేరు తెస్తుందంటారు.

ఇక్కడ మా ఇంటి వంట సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారి పద్ధతిలో వంట దేవుడికి చూపించేదాకా ఎంగిలి చెయ్యకూడదు. అంటే పొయ్యి మీద ఉండగా చెంచాతో తీసి రుచి చూడడం ఉండదు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే పులుసు చుక్క అరచేతిలో వేసుకుని నాకబోతే, ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "చేతికి తెలియాలి అమ్మాయ్, నాలిక్కి కాదు" అన్నారు. ఆరు నెలలు ఏడ్చాను. ఆ తరవాత చేతికి తెలిసింది. గుప్పెట్లో ఉప్పు బరువు, మరిగే పులుసు వాసన, పోపు చిటపట. ఇన్నేళ్ళలో వండుతూ ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఈ సంగతి వంటింట్లో ఉన్న మా ఇద్దరికే తెలుసు. మిగతావాళ్ళు కంచం దగ్గరికే వచ్చేవారు.

శ్రావణమాసంలో అత్తగారికి మొదటి బిళ్ళ పెట్టారు. చప్పిడి పప్పన్నం, మెత్తగా పిసికి, ముందు పెట్టాను. బిళ్ళలో ఉన్నది నా చింతకాయ పచ్చడి. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మేం ముగ్గురం ఆవిడ నోటి వంకే చూస్తున్నాం. ఆవిడ నా వైపు తిరిగి, మొహం చిట్లించి, "ఉప్పు ఓ కణిక ఎక్కువేశావే" అన్నారు.

ఆ కంచంలో ఉప్పన్నది లేదు. మా ఆయన వెనక్కి తిరిగి కిటికీ చూస్తూ నిలబడ్డారు. కళ్ళు తుడుచుకుంటున్నారని అందరికీ తెలిసింది. "పొగ" అన్నారు. అది ఇండక్షన్ స్టవ్వు. ఇందుజ మామ్మని కావలించుకుని గంతులేసింది. రెండేళ్ళ తరవాత ఆవిడ నన్ను తిట్టారు, నాకు పండగలా అనిపించింది.

కార్తీకమాసం మొదటి సోమవారం, ఉదయం, ఉపవాసం కాబట్టి కాఫీ ఒక్కటే తాగాను. వాసన ఉంది. వేడి ఉంది. ఇంకేం లేదు. డికాక్షన్ పల్చన అయిందనుకున్నాను. పంచదార వేశాను, ఇంకో చెంచా వేశాను. వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయ కొరికాను, పళ్ళు జివ్వుమన్నాయి గానీ పులుపు లేదు. జాడీలోంచి కల్లుప్పు రాయి తీసి నోట్లో వేసుకున్నాను. రాయిలాగే ఉంది.

అక్కడే పీట మీద కూర్చున్నాను. భయం వేసింది, అబద్ధం చెప్పను. సాయంత్రం ఆయన రాగానే చెప్పాలనుకున్నాను. ఆయన మెట్ల మీంచే కేకేశారు. "వకుళా! కమిటీ వాళ్ళు తేదీ ఇచ్చారు! ఫిబ్రవరిలో చూసి సంతకం పెడితే ఆసుపత్రులకి వెళ్ళిపోతుంది!" లోపల్నించి అత్తగారు, "ఇంకో రెండు ముద్దలు పెట్టవే" అంటున్నారు. నా మెడలో కార్డు ఉంది. ఆ కార్డు తీసెయ్యాల్సి వస్తుంది కదా అనే ఆలోచన నాకు వచ్చింది. ముందు వచ్చింది అదే. అత్తగారి ఆకలి గురించిన ఆలోచన తరవాత వచ్చింది. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకునేటప్పుడు ఈ రెంటినీ తారుమారు చేసి చెప్పుకున్నాను.

"కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను" అన్నాను.

లాబులో నెలకోసారి డోనర్లకి పరీక్ష ఉండేది. నాలుగు చిన్న కప్పులు. తీపి, ఉప్పు, పులుపు, చేదు నీళ్ళు. రంగు లేదు, వాసన లేదు. రెహానా వాటిని కలిపేసి ముందు పెట్టేది. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ అని చెప్పాను కదా. కప్పులో వేలు ముంచి రుద్దితే జిగురు తగిలేది తీపి. పళ్ళు జివ్వుమనేది పులుపు. వంట చేసేవాళ్ళ చూపుడువేలికి కత్తిపీట గాటు ఎప్పుడూ ఒకటి ఉంటుంది, దానికి చురుక్కుమన్నది ఉప్పు. మిగిలినది చేదు. నాలుగుకి నాలుగు. డిగ్రీ అక్కరకొచ్చిన రోజు అదే.

"ఎందుకు మేడమ్ వేలు ముంచుతారు?" అంది రెహానా ఒకసారి.

"అలవాటమ్మా. మీ ఇంట్లో మీ అమ్మగారు ముంచరూ?"

"ముంచుతుంది" అని నవ్వేసింది.

ఫిబ్రవరిలో కమిటీ వాళ్ళు ముగ్గురు మా ఇంటికే భోజనానికి వచ్చారు. అది మా ఆయన ఆలోచన. ఒక రిటైరైన ప్రొఫెసరుగారు, ఒక లాయరు, ఒక పెద్ద డాక్టరమ్మ. బిళ్ళ ఎక్కువకాలం పెట్టుకుంటే నాలుకకి ఏమవుతుందో రుజువు కావాలని అడుగుతున్నారు. మా ఆయన ఆకుల్లో వడ్డన అయ్యేదాకా ఆగి, గొంతు సవరించుకున్నారు.

"మా ఆవిడ ఎనిమిది నెలలుగా రోజూ పెట్టుకుంటోంది. ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువ పెట్టుకున్న మనిషి లేదు. నాలుకకి ఏమైనా అయితే ముందు చెడేది వంట. నేను రోజూ తింటున్నాను. ఆవగింజంత తేడా లేదు. రుజువు మీ ఆకులో ఉంది, తినండి."

ముద్దపప్పు, దొండకాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, కొబ్బరి పచ్చడి, పరమాన్నం. ముగ్గురూ తిన్నారు. ప్రొఫెసరుగారు పులుసు మూడుసార్లు వేయించుకుని, వాళ్ళ అమ్మ పోయాక ఇలాంటిది తినలేదన్నారు. లాయరు మాట్లాడడం మానేశాడు, లాయర్లలో అది పెద్ద మెచ్చుకోలు. నేను వాటిలో ఒక్కదాన్నీ రుచి చూడలేదు. చూసినా ప్రయోజనం లేదు. వాళ్ళ ముందు నిలబడి, నా చేతి వంక చూసుకున్నాను.

డాక్టరమ్మ తలెత్తి సూటిగా నన్నే అడిగింది. "మీకేమీ తేడా అనిపించలేదా అమ్మా?"

మా ఆయన గర్వంగా నవ్వుతూ నా వైపు చూశారు. పెళ్ళినాటి ఫోటోలో కూడా ఆయన అలా నవ్వలేదు.

"కొంచెం నెయ్యి వేసుకోండి" అని ఆవిడ పప్పులో ఒక గరిటె ఒంపాను.

ఆవిడ దాన్ని లేదు అనే జవాబుగా తీసుకుంది. సంతకాలు పరమాన్నం తరవాత అయ్యాయి.

ఆసుపత్రులతో మొదలైంది వేసవికల్లా బజార్లో పడింది. ఎవరో ఒక సినిమా హీరో తన తల్లి చేతి బిరియానీ రికార్డు చేయించాడు, దాని కోసం అభిమానులు తెల్లవారుజామునే దుకాణాల ముందు నిలబడ్డారు. పాలాభిషేకం కూడా జరిగింది, ఆ పాలు ఎవరూ రుచి చూడలేదు. మా వీధి చివర ఇడ్లీబండి అతను, పిల్లలు చట్నీ వద్దంటున్నారని, చట్నీ చెయ్యడం మానేశాడు. రొట్టెముక్క తింటూ పనసపొట్టు కూర, ఓట్స్ తింటూ బొబ్బట్టు. బరువు తగ్గారని అందరికీ సంతోషం. బిళ్ళలోకి రుచులు ఎక్కించుకోవడానికి ఒక యాప్ వచ్చింది, నా వంటకాలూ అందులో ఉన్నాయి. 'వకుళ పులిహోర'కి నాలుగున్నర చుక్కలు. ఎవరో ఒకాయన, "బావుంది గానీ మా ఆవిడే బాగా చేస్తుంది" అని రాశాడు. ఆ ఒక్క మగాడి మీద నాకు గౌరవం కలిగింది.

జూన్‌లో ఇందుజకి పదిహేడు నిండాయి.

"నాన్నా, క్లాసులో బిళ్ళ లేనిది నాకొక్కదానికే. కనిపెట్టినవాళ్ళ కూతుర్నయ్యుండి! పరువు పోతోంది."

మా ఆయన జేబులోంచి చిన్న డబ్బీ తీశారు. పుట్టినరోజు కానుక. "వకుళా, నువ్వు పెట్టు. నాకన్నా నీకు బాగా అలవాటు" అన్నారు.

నేను లెక్క వేశాను. నాకు ఒక్కో రుచి నలభైసార్లు, అయిదు నెలల పాటు. పిల్ల రోజుకి మూడుసార్లు పెట్టుకుంటుంది. నాకు జరిగింది అంత ఎక్కువ వాడినందుకు, అంతే. ఇది నేను కనుక్కున్న సత్యం కాదు, నాకు కావలసిన సత్యం.

"నోరు తెరువే" అన్నాను.

తెరిచింది. పళ్ళు ఊడే వయసులో కూడా అలాగే, కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచేది. బిళ్ళ పెట్టాను. ఓట్స్ ఉప్మా ఒక చెంచా తిని, "అమ్మా! పీతల ఇగురు!" అని అరిచింది. మా ఇంటి గడప పీత ఎప్పుడూ తొక్కలేదు. అత్తగారు చెవులు మూసుకున్నారు. అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

డిసెంబరులో, రోజుకి ఒక్కపూటే బిళ్ళ పెట్టుకునే అత్తగారు, "మూర్తీ, బిళ్ళ పాడైందిరా" అన్నారు. కొత్తది పెట్టారు. అదీ పాడైంది. ఇంకోటి. ఆవిడ గుడ్లనీళ్ళు కుక్కుకుని, "ఇవన్నీ ఒకే దుకాణంలో కొంటున్నావా?" అన్నారు. వారం తిరక్కుండా ఊళ్ళో, తరవాత అన్ని ఊళ్ళలో, అదే మాట. ముందు అసలు రుచి పోయింది, బిళ్ళ ఉండడం వల్ల ఎవరికీ తెలియలేదు. ఆ తరవాత బిళ్ళ రుచీ పోయింది.

అలా ఎందుకు జరిగిందో రెహానా మా ఇంటికి వచ్చి చెప్పింది. సోఫా అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు అలాగే పట్టుకుని.

"నాలుక మీద రుచి కణాలు పదిరోజులకోసారి చచ్చి కొత్తవి పుడతాయి మేడమ్. కొత్తగా పుట్టిన ప్రతిదీ నాడి దగ్గరికి వెళ్ళి, నేను వచ్చాను అని చెప్పుకోవాలి. బిళ్ళ రోజంతా మాట్లాడుతూనే ఉంది కదా, నాడి వీటికి తలుపు తియ్యడం మానేసింది. చివరికి ఎవరు కొట్టినా తియ్యడం లేదు, బిళ్ళ కొట్టినా."

"మళ్ళీ తీస్తుందా?"

"మొదట్లో బిళ్ళ పెట్టి తీసేసిన ఎలుకల్ని ఇప్పుడు మళ్ళీ చూశాం, తీసి పద్నాలుగు నెలలైంది. ఒక్కదానికీ తియ్యలేదు." గ్లాసు కింద పెట్టింది. "మీ నెలవారీ పరీక్షలన్నీ మళ్ళీ చూశాను. అన్నిట్లో నాలుగుకి నాలుగు. మీకెప్పుడు పోయింది మేడమ్?"

"ఈమధ్యే" అన్నాను.

ఆ పిల్ల నా చూపుడువేలి వంక చూసింది. చాలాసేపు చూసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది.

అత్తగారు మంచం కింద ఆవకాయ జాడీ దాచుకున్నారని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. రుచి ఎక్కడో అడుగున ఉండి ఉంటుందని వెతికినట్టున్నారు. జాడీ సగం అయిపోయింది. కాళ్ళు, మొహం ఉబ్బి ఆసుపత్రిలో చేరారు. నేను పక్కన కూర్చుని గంజి పట్టిస్తుంటే, "ఉప్పు వేశావుటే?" అన్నారు.

"వేశానండి."

"ఎంత?"

"ఓ కణిక ఎక్కువే వేశాను."

"అబద్ధాలు" అని, అయినా నోరు తెరిచారు. మూడోరోజు పోయారు. పదో రోజు వంట నేనే చేశాను. వచ్చినవాళ్ళలో సగంమంది బిళ్ళలు తీసేసినవాళ్ళే. తలలు వంచుకుని, పని పూర్తి చేస్తున్నట్టు తిన్నారు. ఎవరూ మారు అడగలేదు. మా ఇంట్లో మిగిలిపోయిన పులుసుని పారబొయ్యడం అదే మొదటిసారి.

ఆ తరవాత దేశంలో ఏం గొడవ జరిగిందో పేపర్లలో ఉంది. 'రసన'కి తాళం వేశారు. మా ఆయన మీద విచారణ. టీవీలో వంటల పోటీ రద్దయింది, ఆ జడ్జి ఇప్పుడు పాటల పోటీలో కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఇవన్నీ దూరంగా ఎక్కడో జరిగినట్టుండేవి. ఎదురుగా ఉన్నది ఇందుజ.

అది తిండి మానెయ్యలేదు. మానేస్తే కేకలెయ్యొచ్చు. ఫోనులో అలారం పెట్టుకుని, అలారం మోగగానే వచ్చి కూర్చుని, పదకొండు నిమిషాలకి రెండో అలారం మోగేలోగా కంచం ఖాళీ చేసి వెళ్ళిపోయేది. నమిలి మింగేది, బస్సులో కుదుపులకి ఓర్చుకున్నట్టు. యాభై రెండు కిలోల పిల్ల ముప్ఫై తొమ్మిదికి దిగింది. "పర్లేదమ్మా, పోషకాలు వెళ్తున్నాయి కదా" అనేది. ఒకరోజు అది మా పాత వీడియో ఒకటి పెట్టుకుని చూస్తుంటే తలుపు దగ్గర నిలబడ్డాను. నాలుగో తరగతిలో మామిడికాయ ముక్క ఉప్పూకారం అద్దుకుని, మొహం వంకర్లు తిప్పుతూ తింటున్న వీడియో. వెనక్కి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, ఆ మొహమే చూస్తోంది. దాని మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

నిన్న ఆదివారం. మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. మా ఆయన పక్కన ఫోను లేదు, కాగితాలున్నాయి. విచారణకి వివరణ రాస్తున్నారు. కలం పట్టుకునే కలుపుతున్నారు.

"ఒక్కటి అంతుపట్టడం లేదు" అన్నారు. "ఒక్కపూటే పెట్టుకున్న అమ్మకి తప్ప అందరికీ ఆరేడు నెలల్లో పోయింది. అందరికన్నా ఎక్కువ పెట్టుకున్నది నువ్వు. నీకు ముందే పోయుండాలి కదా. మరి ఫిబ్రవరిలో కమిటీ వాళ్ళకి ఆ భోజనం ఎలా వండావు?"

"రోజూ వండినట్టే."

"రుచి తెలియకుండా ఎలా వండుతావు? ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవద్దూ?"

"నేనెప్పుడు చూశానండీ? మీ ఇంట్లో ఎంగిలి చెయ్యకూడదు కదా. వచ్చిన వారం నుంచీ చేత్తోనే వండుతున్నాను."

కలం ఆగిపోయింది. "ఇరవై మూడేళ్ళూ?"

"ఇరవై నాలుగు వచ్చింది."

"అయితే ఆ రోజు నేను వాళ్ళకి చూపించిన రుజువు..." అని ఆగి, పులుసుని మొదటిసారి చూసినట్టు కంచంలోకి చూశారు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

ఇందుజ ముద్ద కలుపుతూ, తలెత్తకుండానే, "ఉప్పు వేశావా అమ్మా?" అంది.

వాళ్ళ మామ్మ గొంతే. "వేశానే" అన్నాను. నిజంగానే వేశాను. కొలత తప్పకుండా వేశాను. ఆ పులుసు చాలా బాగా కుదిరి ఉంటుంది, ఎవరికైనా నాలుక ఉంటే.

మా ఆయన కాగితాలు పక్కకి నెట్టారు. కళ్ళజోడు తీశారు. ఆయన పెదాలు కదిలాయి. "వకుళా, కమిటీ ముందు అలా చెప్పడం... అది..." ఇన్నేళ్ళు నేను కాచుకుని కూర్చున్న మాట అదేనని, ఇంకో నిమిషంలో వచ్చేస్తుందని నాకు తెలిసిపోయింది.

"మీరు ఆగండి" అన్నాను.

పులుసు గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఇందూ, ఇటు చూడు. నాకు ఆ కమిటీ వాళ్ళు భోజనానికి రాకముందే, కార్తీకంలోనే పోయింది. కల్లుప్పు నోట్లో వేసుకుని చూశాను. మీ నాన్నకి తెలీదు, ఎవరికీ తెలీదు. పరీక్షల్లో మోసం చేశాను. ఆ డాక్టరమ్మ మొహమ్మీద అడిగితే నెయ్యి వడ్డించాను. నీ పుట్టినరోజునాడు నీ నోట్లో బిళ్ళ పెట్టినప్పుడు కూడా నాకు తెలుసు."

అది ముద్ద చేతిలో అలాగే పట్టుకుని చూస్తోంది. గదిలో దాని ఫోను మోగడం మొదలెట్టింది. పదకొండు నిమిషాలు అయిపోయినట్టున్నాయి. ఎవరూ లేవలేదు.

"నాదే తప్పు" అన్నాను.